నవల అప్‌డేట్: పంటు మీద పెళ్ళి మాట, ఇంజన్ గోలలో

పధ్నాలుగో భాగం డ్రాఫ్ట్ అయిపోయిందండీ, అదే, అబ్బాయి అమ్మాయిని పెళ్ళి గురించి అడిగే సీను. లవ్ స్టోరీలో అన్నిటికంటే కష్టం ఇదే అనిపిస్తుంది నాకు, ఎందుకంటే వీళ్ళిద్దరూ ఒకటవుతారని చదివేవాళ్ళకి మొదటి భాగంలోనే తెలిసిపోతుంది, ఇంక సస్పెన్స్ ఎక్కణ్ణుంచి తెస్తాం? అందుకని ఆ అమ్మాయి ఒప్పుకుంటుందా లేదా అన్నది వదిలేసి, అసలు అడగడానికి వీడికి కుదురుతుందా లేదా అన్నదాని మీద టెన్షన్ పెట్టా.

బీచ్ వద్దనుకున్నా, కొబ్బరితోటా వద్దనుకున్నా, అవన్నీ ఫొటోషూట్‌లకి బాగుంటాయి. సఖినేటిపల్లి నుంచి నరసాపురం వెళ్ళే పంటు (బళ్ళనీ జనాన్నీ నది దాటించే ఇంజన్ బల్లకట్టు) ఎక్కించా ఇద్దర్నీ. గోదారి పాయ వశిష్ఠ దాటేదాకానే టైము, మధ్యలో దిగిపోడానికి లేదు, చుట్టూ బైకులు, ఆటోలు, గంపలు, వాటి సందుల్లో ఇరుక్కుని నిలబడ్డ జనం, పైగా ఆ ఇంజన్ గోల. మెల్లిగా అడిగితే అమ్మాయికి వినపడదు, గట్టిగా అడిగితే పంటు మొత్తానికి వినపడుద్ది. వాడు అడుగుతాడు, ఆ అమ్మాయి "ఏంటండీ?" అంటుంది, మళ్ళీ అడుగుతాడు, "ఆఁ?" అంటుంది, ఈసారి గొంతు పెంచి అడిగే టైముకి సరిగ్గా రేవు దగ్గరపడి ఇంజన్ తగ్గించేస్తారు. "మా అమ్మని మీ ఇంటికి పంపమంటారా?" అన్న మాట అంతమంది మధ్యలో పడుద్ది. అమ్మాయి నోరు తెరిచేలోపే పక్కనున్న చేపల గంపావిడ "ఆయ్, పంపండి బాబూ" అనేస్తుంది. ఆవిడ నా ప్లాన్‌లో లేదు, రాస్తుంటే తనే ఎక్కేసింది, ఉంచేశా.

ఇంక టైమింగు. కథ 2022 జూలైలో పెట్టా, అమ్మాయిది లంక ఊరు, అంటే గోదారి మధ్యలో ఉండే ఊరు (పేరు కల్పితం). గోదారి మీద ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. ఆ జూలై మధ్యలో ఏకంగా 25 లక్షలు దాటిపోయింది, లంకలన్నీ నీళ్ళలోనే. నిండా ఆషాఢం, పెళ్ళి ఊసెత్తే నెల కాదు. వరదలో వీడు పడవేసుకుని వాళ్ళింటికి పాలప్యాకెట్లు, మంచినీళ్ళు మోసింది పన్నెండో భాగంలోనే అయిపోయింది, కాబట్టి ఇక్కడ ప్రేమ ప్రూవ్ చేసుకోవాల్సిన పనేం లేదు. వరద తీసి పంటు మళ్ళీ వేశాక, ఇంకా ఆషాఢం పోకుండానే అడిగేస్తాడు, ఆత్రం.

క్యాలెండర్ తీసి చూస్తే ఆ ఏడాది శ్రావణం జూలై 29న మొదలైంది, అదీ శుక్రవారం! సీను మొత్తం అక్కడే తేలిపోయింది నాకు. అమ్మాయి అవునని అనదు, సిగ్గుపడి తల దించుకోదు, చేతిలో బ్లీచింగ్ పౌడర్ సంచి ఒకటి ఉంటుంది, దాన్ని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని "శుక్రవారానికి ఇంట్లో బురద కడగడం అయిపోద్దండి, మీ అమ్మగారిని పేరంటానికి రమ్మనండి" అంటుంది. అంతే, దిగి వెళ్ళిపోతుంది. పేరంటం అంటే ఆడవాళ్ళ వ్యవహారం, ఇంట్లో మగవాళ్ళకి ఇంకా చెప్పనవసరం లేదు, ఇద్దరు తల్లులూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నట్టూ ఉంటుంది. మా వైపు సగం సంబంధాలు ఇలా వంకలతోనే కదా కదులుతాయి.

ఎప్పట్లాగే మా వదినకి చదివి వినిపించా. "ఉంగరం లేదా? మోకాలి మీద కూర్చోడా?" అంది. గ్రీజూ బురదా ఉన్న ఆ చెక్కల మీద, బైకుల మధ్య మోకాలేస్తే రొమాన్స్ సంగతేమో గానీ ప్యాంటు పోద్ది వదినా అన్నా. కానీ ఆవిడ ఇంకో మాట కూడా అంది, అది మాత్రం పట్టుకున్నా: "సంచి వాడు అందుకోబోతే ఆ పిల్ల ఇవ్వకూడదు." నిజమే, ఇస్తే మరీ సినిమా అయిపోద్ది. ఆ లైను మార్చేశా.

రాసే పద్ధతి అడిగినవాళ్ళకి: ముందు డైలాగులు మాత్రమే ఫోన్‌లో వాయిస్ టైపింగ్‌తో చెప్పేస్తా, ఎవరు ఏ మొహం పెట్టారు, గుండె ఎలా కొట్టుకుంది, ఇవేమీ లేకుండా. అది ఒట్టిగా చదివినా నవ్వో బెంగో వస్తే అప్పుడు చేతులకి పనులు అతికిస్తా, టికెట్ డబ్బులు ఇవ్వడం, చెంగు బిగించుకోవడం లాంటివి. వాయిస్ టైపింగ్ "పంటు"ని ప్రతిసారీ "పంట" అని కొడుతుంది, చివర్లో వెతికి మార్చుకోవడమే. అడిగే మాట ఒక్క వాక్యం దాటనివ్వను, జవాబు కూడా అంతే, రెంటికీ మధ్య మాత్రం ఎంతైనా సాగదీస్తా. ప్రస్తుతం సీను తొమ్మిది వందల పదాల దగ్గరుంది, గోదారి వర్ణన ఇంకాస్త కొయ్యాలి, ఇద్దరూ రోజూ దాటే నదిని అంతలా చూస్తూ నిలబడరు.

తర్వాతది పేరంటం సీను. వాయనం ఇచ్చేటప్పుడు ఇద్దరు తల్లులు ఏం మాట్లాడుకుంటారో ఇంకా తేల్లేదు, వరద గురించి మొదలెట్టి కట్నం దాకా ఎలా తీసుకెళ్ళాలా అని చూస్తున్నా.