ఆగ్నేసమ్మ అనే పేరు

మా నాయనమ్మ పేరు ఆగ్నేసమ్మ. రేషన్ కార్డులో అది అగ్నేశమ్మ అయింది, ఊళ్లోవాళ్ల నోట అగ్గమ్మ అయింది. కోపం వస్తే ఆమె మాట కూడా నిప్పులాగే ఉండేది కనుక, ఆ పేరు అగ్నినుంచే పుట్టిందని పదో తరగతి దాకా నేను నమ్మాను. ఈ మధ్య మా తమ్ముడు తన బిడ్డకు జ్ఞానస్నానంలో నాయనమ్మ పేరే పెట్టాలనుకుని, దాని అర్థమేమిటని అడగడంతో ఇది రాస్తున్నాను.

గ్రీకులో 'హాగ్నే' అంటే పవిత్రురాలు. పేరుకు అసలు మూలం అదే. లాటిన్‌లో 'ఆగ్నుస్' అంటే గొర్రెపిల్ల. ఈ రెండు మాటలకూ చుట్టరికం లేకపోయినా చెవికి దగ్గరగా వినిపించడం వల్ల జనం వాటిని కలిపేశారు. తొలినాటి క్రైస్తవ పండితుడైన పునీత అగుస్తీను (సెయింట్ ఆగస్టీన్) కూడా ఒక ప్రసంగంలో ఈ పేరుకు రెండర్థాలనూ చెప్పాడు. పునీత ఆగ్నేసు చిత్రాల్లో ఆమె పక్కన గొర్రెపిల్ల కనిపించేది అందుకే. మావాళ్లు అగ్నిని అతికించినట్టే వాళ్లు గొర్రెపిల్లను అతికించారని తెలిశాక, ఊరివాళ్ల ఉచ్చారణను వెక్కిరించడం మానుకున్నాను.

ఈ పేరుగల పునీతురాలు రోము నగరపు బాలిక. 4వ శతాబ్దపు ఆరంభంలో, డయొక్లేషియను చక్రవర్తి కాలపు హింసల్లో ఆమె వేదసాక్షిగా, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చి, మరణించిందని సంప్రదాయం చెబుతుంది. అప్పటికి ఆమెకు 12 ఏళ్లని మిలాను పీఠాధిపతి (బిషప్పు) అంబ్రోసు రాశాడు. క్రీస్తుకే అంకితమయ్యానంటూ పెళ్లికి ఒప్పుకోని ఆ పిల్లను మంటల్లోకి నెడితే అవి రెండుగా చీలిపోయాయనీ, చివరకు కత్తికి బలైందనీ కథ. అంటే నిప్పుకూ ఆమె కథలో కొంత చోటుంది.

నాకు అన్నిటికన్నా నచ్చినది ఉన్ని సంగతి. ఆమె పండుగైన జనవరి 21న రోములో రెండు గొర్రెపిల్లలను ఆశీర్వదిస్తారు. వాటి ఉన్నితో నేసే, ఆరు నల్లని సిలువలుండే తెల్లని పట్టీయే పల్లియం. దాన్ని పోపు అగ్రపీఠాధిపతులకు (ఆర్చిబిషప్పులకు) ఇస్తారు. 1976లో ఏర్పడిన మా నల్లగొండ మేత్రాసనం (ఒక పీఠాధిపతి పాలనలోని ప్రాంతం) హైదరాబాదు అగ్రపీఠం కిందిది కాబట్టి, ఆ పట్టీ మా పీఠాధిపతి భుజాల మీద కాక హైదరాబాదు అగ్రపీఠాధిపతి భుజాల మీద ఉంటుంది.

మా దిక్కున గొర్రె ఉన్ని అంటే కురుమలు నేసే నల్ల గొంగడే. నాయనమ్మ తన పేరు పండుగనాడు, చలికి ఆ గొంగడి కప్పుకునే తెల్లవారుజాము పూజకు నడిచివెళ్లేది. అదే రోజు రోములో గొర్రెపిల్లలకు ఆశీర్వాదం జరుగుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. తమ్ముడి బిడ్డ జ్ఞానస్నానం వచ్చే జనవరి 21నే పెట్టుకున్నాము. పేరు మాత్రం ఈసారి రిజిస్టరులో ఆగ్నేసమ్మ అని సరిగ్గా రాయించాలి.