నీలి తిమింగలం పాట వెతుకుతూ ఆరు వారాలు

కాలిఫోర్నియాలోని మాంటెరీ తీరానికి ఆవల, సముద్రంలో దాదాపు 900 మీటర్ల లోతున ఒక హైడ్రోఫోన్ ఉంది, అంటే నీళ్ళలో పెట్టే మైకు. ఎంబారి అనే అక్కడి పరిశోధన సంస్థ 2015 నుంచి దాంతో రాత్రీపగలూ రికార్డు చేస్తూ, ఆ ఫైళ్ళను ఎవరైనా ఉచితంగా దించుకునేలా పెట్టింది. నేను హైదరాబాద్‌లో కూర్చుని వాటిలో నీలి తిమింగలాల పాట వెతుకుతున్నాను. ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే పనికొస్తుందని ఇప్పటిదాకా తెలిసింది రాస్తున్నా.

మొదటి వారమంతా ఏమీ వినపడలేదు. ఫైలు తప్పేమో అనుకున్నాను కానీ అసలు సంగతి వేరే. ఈ తిమింగలం పాటలో బీ కాల్ అనేది 15-20 సెకన్ల పాటు సాగే ఒక మూలుగు, దాని మూల స్వరం 14-15 హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనాలు) దగ్గర ఉంటుంది, మన చెవి 20 కింద పట్టుకోలేదు. రికార్డింగుల్లో బాగా తేలేది దాని మూడో హార్మోనిక్, అంటే మూల స్వరానికి మూడు రెట్ల స్వరం, సుమారు 43 హెర్ట్జ్. అదీ ల్యాప్‌టాప్ స్పీకర్లో పలకదు. కాబట్టి ముందు కళ్ళతో చూడాలి, తర్వాతే వినాలి.

2 కిలోహెర్ట్జ్‌కి (సెకనుకి 2000 నమూనాలకి) తగ్గించిన ఫైళ్ళే తీసుకోండి, ఒక రోజుది సుమారు సగం జీబీ, పెద్దవి అనవసరం. ఆడాసిటీ అనే ఉచిత సౌండ్ ఎడిటర్లో స్పెక్ట్రోగ్రామ్ (ఏ క్షణాన ఏ స్వరం ఉందో చూపే బొమ్మ) వ్యూ పెట్టి, గరిష్ఠ ఫ్రీక్వెన్సీ 100, విండో సైజు 4096 ఇస్తే బీ కాల్ కొంచెం కిందికి వాలిన గీతలా కనిపిస్తుంది. వీటి ఇంకో రకం కూతలైన డీ కాల్స్ కావాలంటే విండో 1024కి తగ్గించాలి, అవి కొన్ని సెకన్లలోనే పైనుంచి కిందికి జారిపోతాయి. (పాడేది మగవే, డీ కాల్ మాత్రం ఆడా మగా రెండూ చేస్తాయి.) 20 హెర్ట్జ్ దగ్గర చుక్కలు చుక్కలుగా వరస కనిపిస్తే అది ఫిన్ తిమింగలం, వేరే జాతి. ఎటూ వాలకుండా గంటల తరబడి సాగే అడ్డగీతలు ఓడలవి. వినడానికి ట్రాక్ రేటును 2000 నుంచి 20000కి మార్చండి, పది రెట్లు వేగం, 43 కాస్తా 430 అవుతుంది. టెంపో మార్చే ఎఫెక్ట్ వాడొద్దు, దాంతో స్వరం పెరగదు. మా అమ్మకి హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపిస్తే కళ్ళు మూసుకుని రెండుసార్లు విని, "చూడి ఆవు మూలిగినట్టుంది నాన్నా" అంది. అప్పటి నుంచి రోజూ అడుగుతోంది ఇవాళ దొరికాయా అని.

మూడో వారంలో పెద్ద పొరపాటు చేశాను. ఫైలు సమయాలు యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటాయి, నేను అది చూసుకోకుండా పగలూ రాత్రీ రాసుకుంటూ పోయాను, పదిహేను రోజుల ఫైళ్ళ లెక్క మొత్తం కొట్టేసి మళ్ళీ రాయాల్సి వచ్చింది. వేసవిలో ఫైలు మొదలయ్యేసరికి అక్కడ సాయంత్రం 5. సెప్టెంబర్లో అక్కడి రాత్రి అంటే ఫైల్లో ఇంచుమించు 2వ గంట నుంచి 14వ గంట దాకా. నవంబర్ మొదట్లో వాళ్ళు గడియారాలు వెనక్కి తిప్పుతారు, అప్పుడు ఇంకో గంట తేడా.

ఈ పగలూ రాత్రే అసలు విషయం. ఎండాకాలంలో వాటికి తిండే పని. పగలు క్రిల్ (వాటి ఆహారమైన రొయ్యల్లాంటి చిన్న జీవులు) లోతున గుంపుగా ఉంటుంది కాబట్టి తిమింగలం మునిగి తింటూనే ఉంటుంది, మేత కాలంలో రోజుకి సగటున 16 టన్నులని 2021 నాటి అంచనా. ఇదే మాంటెరీలో 2018లో ఒకదానికి పరికరం అతికించి చూస్తే, మునిగినప్పుడు దాని గుండె నిమిషానికి 2 సార్లే కొట్టుకునే దాకా తగ్గింది, పైకి వచ్చాక 25 నుంచి 37. రాత్రి క్రిల్ పైకొచ్చి చెదిరిపోతుంది, అప్పుడు తినడం తగ్గి పాట పెరుగుతుంది. దక్షిణానికి బయలుదేరాక ఇది తిరగబడి పగటి పాట ఎక్కువవుతుందని ఈ హైడ్రోఫోన్ రికార్డుల మీదే చేసిన పరిశోధన 2020లో వచ్చింది. ఒక జంతువు ప్రయాణం కట్టిందని దాని పాట వేళను బట్టి తెలియడం నాకు ఎంతో గొప్పగా అనిపించింది, ఇంత శ్రమా అందుకే.

శరదృతువులో పాటలు ఒకదానిమీద ఒకటి పడి 43 దగ్గర ఒకే మందపాటి పట్టీ అయిపోతుంది, విడివిడిగా లెక్కపెట్టడం కుదరదు. అందుకని 37, 50 హెర్ట్జ్‌ల దగ్గర ఎంత శబ్దం ఉందో చూసి, పట్టీ వాటికంటే ఎంత పైకి లేచిందో గంటకోసారి రాసుకుంటున్నాను. ఒక జాగ్రత్త, ఈ స్వరం ఏటేటా కొద్దికొద్దిగా దిగుతోంది. 1960ల నాటితో పోలిస్తే ఇప్పటికే సుమారు 30 శాతం తగ్గింది, కారణం ఇంకా తేలలేదు. కాబట్టి పాత ఫైలుకి పెట్టిన 43ను కొత్త ఫైలుకి అలాగే వాడకండి, ఏ ఏడాదికా ఏడాది పట్టీ ఎక్కడుందో చూసుకోవాలి.

నిన్న రాత్రి నవంబర్ ఫైలు ఒకటి తెరిచాను, అక్కడ మధ్యాహ్నమైనా పట్టీ పలచబడలేదు. అమ్మకి చూపించి బయలుదేరినట్టున్నాయని చెప్పాను. డిసెంబర్‌వి దిగుతున్నాయి, మా నెట్‌కి పొద్దుటికి నాలుగు రోజులవి వస్తాయి.