హంపిలో రోజంతా నడక

హంపికి వెళ్లినవాళ్లలో చాలామంది ఆటో మాట్లాడుకుని విరూపాక్ష గుడి దగ్గర మొదలెట్టి, రాతిరథం ముందు ఫొటో దిగి, సాయంత్రానికల్లా హోసపేట చేరిపోతారు. ఆ ఎండ చూస్తే వాళ్లని తప్పు పట్టలేం. కానీ అలా తిరిగితే కట్టడాలు కనిపిస్తాయి గానీ ఊరు కనిపించదు. రెండు గుళ్ల మధ్య ఉన్న అరటి తోటలు, పొలం గట్టు మీద హఠాత్తుగా మొదలయ్యే కోటగోడ, ఎక్కడికి పోతాయో తెలియని మెట్లు, ఇవన్నీ ఆటో కిటికీలోంచి అలా వెనక్కి వెళ్లిపోతుంటాయి. అందుకని తమ్ముడూ నేనూ ఈసారి కాళ్లనే నమ్ముకున్నాం.

విరూపాక్ష గుడిలో ఎక్కువసేపు ఆగలేదు. తూర్పు గోపురం నీడ గుడి వెనకాలున్న చీకటి గదిలో గోడ మీద తలకిందులుగా పడుతుంది, సన్నటి కంతలోంచి వెలుగు రావడం వల్ల. చూశాం, బాగుంది. పక్కనే హేమకూటం గుట్ట మీద మాత్రం చాలాసేపు గడిపాం. అక్కడి గుళ్ల కంటే బండలే నన్ను ఆపేశాయి. వాటి మీద వరసగా చిన్న చిన్న గుంతలుంటాయి, రాయిని చీల్చడానికి కొట్టినవి. కొన్ని బండలు చక్కగా కోసినట్టు చీలిపోయి ఉంటే, కొన్నిటికి గుంతలు మాత్రం కొట్టి వదిలేశారు. రాయి కోసం వీళ్లు ఎక్కడికీ పోనక్కర్లేకపోయింది, క్వారీ ఊళ్లోనే ఉంది.

గుట్ట దిగి దక్షిణంగా నడిస్తే కృష్ణాలయం. గజపతుల నుంచి ఉదయగిరి కోట గెలిచిన గుర్తుగా కృష్ణదేవరాయలు కట్టించిన గుడి. మన నెల్లూరు జిల్లా ఉదయగిరే. అక్కడి నుంచి తెచ్చిన బాలకృష్ణుడి విగ్రహాన్ని ఇందులో ప్రతిష్ఠించాడు, అది ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. అంటే ఉదయగిరి కృష్ణుడు హంపికొచ్చి, హంపి నుంచి చెన్నైకి పోయాడు. ఇంకాస్త ముందుకి వెళ్తే 1528లో చెక్కిన నరసింహస్వామి, 6.7 మీటర్ల ఎత్తు. తొడ మీదుండే లక్ష్మీదేవిని పగలగొట్టేశారు, స్వామి నడుము చుట్టూ వేసిన ఆమె చెయ్యి మాత్రం వెనకవైపు అలాగే ఉంది. అందరూ ముందు నుంచి ఫొటో తీసుకుని పోతున్నారు, మీరు పక్కకి వెళ్లి చూడండి.

దాని పక్కనే బడవిలింగం, ఒకే రాయిలో చెక్కిన పెద్ద శివలింగం. గదిలో అడుగంతా నీళ్లే. అక్కడికి కాలువ నీళ్లు వస్తాయి, శివుడికి కింద తడి ఆరదు. అప్పటిదాకా నేను రాళ్లే చూస్తున్నాను, ఇక్కడి నుంచి నీళ్లు ఎటు నుంచి ఎటు పోతున్నాయో చూడ్డం మొదలెట్టాను. ఆ తర్వాత హంపి పూర్తిగా వేరేగా కనిపించింది.

ఎందుకంటే గుళ్ల వైపుకీ రాజప్రాసాదాల వైపుకీ మధ్యన ఒక పల్లం ఉంది. అందులో తుర్తు కాలువ పారుతుంది. విజయనగర కాలంలో తుంగభద్ర నుంచి తవ్వుకున్న కాలువ అది, ఈ రోజుకీ దాని కింద వరి, చెరకు, అరటి పండుతున్నాయి. పక్క పొలంలో మడవ కడుతున్న పెద్దాయన్ని, ఈ కాలువ ఎన్నాళ్ల నాటిదో తెలుసా అని తమ్ముడు వచ్చీరాని కన్నడంలో అడిగితే, ఆయన మావాణ్ణి పైనుంచి కిందికి చూసి, "రాయల కాలువ" అని మళ్లీ పార పట్టుకున్నాడు.

అక్కడి నుంచి రాజప్రాంగణానికి వెళ్తే ఒక్క రాజభవనమూ లేదు! అన్నీ రాతి పునాదులే. పైభాగాలు కలపతో, ఇటుకతో, సున్నంతో కట్టినవి, 1565లో రక్కసి తంగడి యుద్ధం ఓడిపోయాక నెలల తరబడి జరిగిన దోపిడీలో, మంటల్లో పోయాయి. గుళ్లు రాతివి కాబట్టి నిలబడ్డాయి. సభామంటపం అని చెప్పే చోట పెద్ద అరుగు, దాని మీద స్తంభాలు నిలబెట్టిన గుంతలు వరసలు వరసలుగా. "అన్నా, పెద్దనగారు ఏ గుంత పక్కన కూర్చునేవాడంటావ్?" అన్నాడు మావాడు. భువనవిజయం కోసం వెతుక్కోకుండా హంపి నుంచి తిరిగొచ్చే తెలుగువాడు ఉండడేమో.

దసరా ఉత్సవాలు జరిగిన మహానవమి దిబ్బ ఎక్కితే ఈ పునాదులన్నీ ఒక్కచూపులో పరుచుకుంటాయి. దిబ్బ గోడల మీద ఏనుగులు, గుర్రాలు, వేట, నాట్యం. కానీ ఇక్కడ నన్ను కట్టిపడేసింది దాని దగ్గర్లో ఉన్న మెట్ల పుష్కరిణి. 1980ల తవ్వకాల్లో బయటపడింది. నల్లటి రాయి, గీత గీసినట్టుండే మెట్లు, చాలా రాళ్ల మీద ఏది ఏ దిక్కున ఏ వరసలో పెట్టాలో చెప్పే గుర్తులు. ముందే చెక్కి తెచ్చి ఇక్కడ పేర్చారన్నమాట. దానిలోకి నీళ్లు రావడానికి రాతి కంబాల మీద రాతి తొట్లు పేర్చుకుంటూ తెచ్చిన కాలువ ఒకటి ఎండలో అలాగే నిలబడి ఉంది, కమలాపురం చెరువు నీళ్లు ఈ వైపుకి రావడానికి చేసిన ఏర్పాటు. అక్కడికి కొంత దూరంలో కాలువకి అటూ ఇటూ వరసగా రాతి కంచాలు చెక్కి ఉన్నాయి, కూరలకీ పచ్చళ్లకీ విడివిడిగా గుంటలతో సహా. పంక్తి భోజనాల్లో ఈ ఏర్పాటు ఇప్పుడు కూడా పనికొస్తుంది.

1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఈ ఊరు రోమ్ అంత ఉందని రాశాడు. ఇళ్ల తోటల గురించి, మధ్యలో పారే కాలువల గురించి కూడా రాశాడు. పాఠాల్లో మనకి రోమ్ మాటే చెప్తారు, కాలువల మాట ఎవరూ చెప్పరు. ఇప్పుడు చూస్తే రాజుగారి ప్రాంగణంలో కాలువలన్నీ ఎండిపోయాయి, రైతు కాలువ పారుతోంది.

కమలమహల్, పదకొండు గదుల ఏనుగుల శాల చకచకా చూసేశాం. అక్కడ తీసుకున్న టికెట్ పారేయకండి, అదే రోజు విఠ్ఠలాలయానికీ కమలాపురం మ్యూజియానికీ చెల్లుతుంది. మ్యూజియంలో హంపి మొత్తానికి పెద్ద నమూనా ఉంది, కుదిరితే నడక మొదలెట్టే ముందే దాని చుట్టూ ఒకసారి తిరగండి.

తళారిఘట్ట మీదుగా విఠ్ఠలాలయం చేరేసరికి కాళ్లు మొండికేశాయి. యాభై రూపాయల నోటు మీదున్న రాతిరథం చుట్టూ జనం, నోటు పట్టుకుని ఫొటోలు. 1856లో తీసిన ఫొటోలో ఆ రథం పైన ఇటుక గోపురం కూడా ఉంటుంది, ఇప్పుడది లేదు. తిరుగుదారి నది ఒడ్డునే, రాజుల తులాభారం కంబాల పక్క నుంచి, పుట్టి కట్టేసి ఉన్న రేవులు చూసుకుంటూ.

రక్కసి తంగడిలో ఓడిపోయాక తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకి మార్చాడు కదా, ఇప్పుడు అదీ నడిచే చూద్దామంటున్నాడు తమ్ముడు. వేసవి పోయాక చూద్దాంలేరా అన్నాను.