రెడ్‌హిల్స్‌లో కత్తెర పట్టిన ఆరు నెలలు

మాది నెల్లూరు జిల్లా. మా ఆయన చెన్నై రెడ్‌హిల్స్‌లో రైస్‌మిల్లు మూటలు మోసేవారు. నడుము దెబ్బతిని మంచం పట్టాక ఇల్లు గడవడం నా మీద పడింది. దగ్గర్లో ఒక సంస్థ ఉచితంగా కుట్టుపని నేర్పుతోందని పక్కింటావిడ చెప్పింది. సగం సీట్లు పుళల్ శరణార్థి క్యాంపులో ఉండే శ్రీలంక తమిళ ఆడవాళ్లకట, సగం మాబోటి వాళ్లకట. "మనకే దిక్కు లేదు, వాళ్లకి సగమా?" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఆధార్, రేషన్ కార్డు ఇంట్లోనే ఉన్నాయి. ఆదాయం సర్టిఫికెట్ కోసం మాత్రం మూడుసార్లు తిరిగాను.

మొదటి వారం దారం లేకుండా కాగితం మీదే కుట్టించారు. పవర్ మిషన్ పెడల్ మీద కాలు పెడితే చాలు, కాగితం నా చేతుల్లోంచి దూసుకుపోయేది. పక్క మిషన్ మీద కూర్చున్న క్యాంపు అక్క చూసి, "మడమ కింద ఆనించు తంగచ్చీ, వేళ్లతో నొక్కు" అంది. తంగచ్చీ అంటే చెల్లీ అని. అప్పటికి గీత తిన్నగా వచ్చింది.

వాళ్ల అమ్మానాన్నలు 1990లో పడవెక్కి వచ్చి, రామేశ్వరం దగ్గర మండపం క్యాంపులో దిగి, ఆ తర్వాత పుళల్ చేరారట. అక్క పుట్టింది ఇక్కడే, చదివింది ఇక్కడే, అయినా పౌరసత్వం లేదు. 2021లో తమిళనాడు ప్రభుత్వం క్యాంపులకి పునరావాస శిబిరాలని పేరు మార్చి, ఇంటి పెద్దకిచ్చే నెల భత్యం 1,000 నుంచి 1,500 చేసింది. దాంతో సరిపోతుందా అక్కా అనడిగితే, "సరిపోతే ఇక్కడికెందుకు వస్తాను?" అంది. క్యాంపులో హాజరు తీసే రోజు తను క్లాసుకి వచ్చేది కాదు. ఆ రోజు పాఠం, పేపర్ కటింగ్ తన కోసం నేను దాచేదాన్ని. మాట్లాడుకుందాం అనడానికి వాళ్లు ‘కదైప్పం’ అంటారు. నా చెవికి అది కథ చెప్పుకుందాం అన్నట్టే వినిపించేది, మధ్యాహ్నం అన్నాల దగ్గర మేం చేసిందీ అదే.

అసలు కష్టం జాకెట్టు కటింగ్‌తో మొదలైంది. ఛాతీ 36 అంగుళాలుంటే నాలుగో వంతు 9, దానికి కుట్టుకీ లూజుకీ కలపాలి. ముందు చంక వెనక చంక కన్నా అర అంగుళం లోపలికి తీయాలి. అది తీయకపోతే చంక ముందు గుడ్డ పోగై ముడతలు పడుతుంది. నేను ఐదు జాకెట్లు పాడుచేశాక గాని ఆ వంపు నా చేతికి రాలేదు. మేడమ్ విసుక్కోకుండా ప్రతిసారీ పాత చీర ముక్క ఇచ్చి మళ్లీ కత్తిరించమనేవారు. ఆవిడ ఓపిక లేకపోతే నేను అక్కడే ఆగిపోయేదాన్ని.

సర్టిఫికెట్ చేతికొచ్చాక అంబత్తూరులో ఒక గార్మెంట్ యూనిట్‌లో చేరాను. పొద్దస్తమానం చొక్కాలకి చేతులు అతకడమే పని. కత్తెర ముట్టుకోనివ్వరు. మధ్యాహ్నం ఆయనకి అన్నం పెట్టే మనిషి లేక రెండు నెలల్లో మానేశాను. శిక్షణ ఇచ్చేవాళ్లకి నేను చెప్పేదొకటే: కుట్టడం ఒక్కటే నేర్పి పంపకండి. కొలత తీయడం, కత్తిరించడం వచ్చిన మనిషి గిరాకీని ఇంటికే రప్పించుకుంటుంది. అవి రాకపోతే ఎక్కడికెళ్లినా కూలే.

నాకా మొదటి గిరాకీయే నష్టం తెచ్చింది. లైనింగ్ గుడ్డ నానబెట్టకుండా కత్తిరించేశాను. ఒక్క ఉతుకుకే లైనింగ్ కుంచించుకుపోయి, పైన పట్టుగుడ్డ ముడతలు పడింది. ఆ జాకెట్టు కుట్టించుకున్నావిడ ముందు నిలబడలేకపోయాను. గుడ్డ డబ్బులు రెండు విడతల్లో ఇచ్చేశాను. ఆ రోజే అక్క ఇంటికొచ్చి, "ఇకనుంచి కటింగ్ నాది, కుట్టు నీది, పైసలు సగం సగం" అంది.

ఏడాది దాటింది. సెకండ్‌హ్యాండ్ మిషన్ బాకీ తీరిపోయింది. ప్రభుత్వం ఇచ్చే ఉచిత కుట్టుమిషన్‌కి కూడా సర్టిఫికెట్ జతచేసి దరఖాస్తు పెట్టాను. ఇప్పుడు చంక వంపు నేనే తీస్తాను, అక్క పక్కనుండి చూస్తుంది. పొంగల్‌కి పన్నెండు జాకెట్లు ఒప్పుకున్నాం. లైనింగులన్నీ నిన్న రాత్రే బకెట్‌లో నానేశాను.