మావయ్య నర్సరీ వెబ్‌సైటుకు ఫ్రేమ్‌వర్క్ దేనికి?

కడియపులంకలో మా మావయ్యకు మొక్కల నర్సరీ ఉంది. మూడేళ్ల క్రితం ఆయనకు నాలుగు పేజీల వెబ్‌సైటు తయారుచేసి ఇచ్చాను. మొక్కల పట్టిక, ధరలు, దారి చూపే మ్యాపు, ఫోన్ నంబరు, అంతే. ఆఫీసులో చేయి అలవాటు పడిన ఫ్రేమ్‌వర్క్‌తోనే, అంటే వెబ్‌సైట్లు కట్టడానికి ముందే సిద్ధం చేసిపెట్టిన కోడ్ చట్రంతోనే, దాన్ని కట్టాను. అవసరమా అని ఆలోచించనైనా లేదు.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు, "ఫోన్ నంబరు మారిందిరా, కాస్త దిద్దిపెట్టు" అన్నారాయన. పది అంకెలు మార్చడానికి నాకొక పూట పట్టింది. కొత్త ల్యాప్‌టాప్‌లో ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ (ఫ్రేమ్‌వర్క్‌కు కావలసిన కోడ్ ప్యాకేజీలను దించే ఆదేశం) కొట్టగానే పాత ప్యాకేజీలకూ, వాటిని నడిపే నోడ్ అనే ప్రోగ్రామ్ కొత్త వెర్షన్‌కూ పొసగక ఎర్ర అక్షరాలు వరుస కట్టాయి. ఆ ప్యాకేజీలు చేరే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డరు 200 ఎంబీ దాటింది. మావయ్య పట్టికలో ఉన్నవి 110 మొక్కలు. పేజీ సోర్సు, అంటే బ్రౌజరుకు అందే అసలు కోడ్, చూస్తే బాడీలో రూట్ అనే ఖాళీ డివ్ (ఉత్త పెట్టె) తప్ప మరేమీ లేదు. ఆ పెట్టెను నింపే జావాస్క్రిప్ట్ కోడ్ ఫోన్‌లోకి దిగి నడిస్తే గాని ఒక్క ధరైనా కనిపించదు కాబట్టి, సిగ్నలు అంతంతమాత్రంగా ఉన్న ఫోన్‌లో చూసేవారికి అప్పటిదాకా మిగిలేది తెల్లని తెరే.

2013లో ఫేస్‌బుక్ బయటపెట్టిన రియాక్ట్ వంటి ఫ్రేమ్‌వర్క్‌లు పుట్టింది వేరే అవసరం కోసం: ఒకే సమాచారం పేజీలో పలుచోట్ల కనిపిస్తూ, వాడుకరి ఏదో నొక్కగానే అన్నిచోట్లా ఒకేసారి మారవలసివచ్చినప్పుడు ఆ లెక్కను చేత్తో నిలబెట్టుకోవడం నిజంగా కష్టం. మావయ్య పేజీలో అలా మారేదే లేదు.

అందుకని పేజీలో ఏముండాలో రాసే హెచ్‌టీఎంఎల్, అది ఎలా కనిపించాలో చెప్పే సీఎస్ఎస్, ఉత్త ఈ రెండింటితో తిరగరాశాను. మొక్కల బొమ్మలను వరుసల్లో పేర్చడానికి 2017 నుంచి ప్రధాన బ్రౌజర్లన్నింటిలో ఉన్న గ్రిడ్ అనే సీఎస్ఎస్ పద్ధతి చాలింది. నీడ మొక్కలు, పూల మొక్కలు అంటూ విడదీసి చూపడానికి ఇరవై వరుసల జావాస్క్రిప్ట్ సరిపోయింది. ఒక్క చిక్కు మాత్రం ఒప్పుకోవాలి. మెనూలో ఏ మార్పు చేసినా నాలుగు ఫైళ్లలోనూ విడివిడిగా అతికించాలి. నాలుగంటే ఓర్చుకోవచ్చు గాని, మొక్కకొక పేజీ కావాలంటే మాత్రం హ్యూగో గాని ఎలెవెంటీ గాని తెచ్చుకుంటాను. అవి పేజీలను ముందే తయారుచేసి పెడతాయి కాబట్టి చూసేవారి ఫోన్‌పై ఆ భారం పడదు.

ఆన్‌లైన్‌లో ఆర్డర్లు తీసుకుందామా అని మావయ్య అడుగుతున్నారు. బుట్టలో మొక్కలు వేయడం, తీయడం, లారీ కిరాయితో మొత్తం మారడం మొదలైతే అప్పుడు ఫ్రేమ్‌వర్క్ మాట మళ్లీ ఎత్తుతాను. ఈలోగా ధరలను మా మరదలే నోట్‌ప్యాడ్‌లో తెరిచి దిద్దుతోంది.