నల్ల పెయింట్ వేస్తే హీట్ సింక్ చల్లబడుతుందా? నేనే చేసి చూశా

సొంతంగా ఆంప్లిఫయర్ కట్టుకుంటుంటే హీట్ సింక్ (దాని వేడిని బయటికి పంపే రెక్కల లోహపు దిమ్మె) చెయ్యి పెట్టలేనంత కాలిపోతోంది, ఎవర్నడిగినా నల్ల పెయింట్ వెయ్యి తగ్గుతుంది అన్నారు. ఎందుకు తగ్గుతుందంటే నలుపు వేడిని లాక్కుంటుంది కదా అంటారు, లాక్కుంటే ఇంకా వేడెక్కాలి కదా మరి? అది తేలకుండా బ్రష్ పట్టుకోబుద్ధి కాలేదు.

15 సెంటీమీటర్ల చదరం అల్యూమినియం పలకలు మూడు తీసుకున్నా. ఒకటి మెరిసేలా వదిలేశా, ఒకదానికి నలుపు, ఒకదానికి తెలుపు వేశా. ఒక్కోదానికి కరెంటుకి వేడెక్కే రెసిస్టర్ బిగించి 10 వాట్లు ఇచ్చి, ఫ్యాన్ లేని గదిలో నిలబెట్టి గంట ఆగా.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో రెండు రోజులు తిప్పలు పడ్డా. మెరిసే పలక మీద 30 డిగ్రీలు కూడా చూపించట్లేదు, వేలు పెడితే చుర్రుమంటోంది! మెరిసే లోహం తన వేడిని కిరణాలుగా దాదాపు వదలదు, గోడ నుంచి వచ్చేవాటినే అద్దంలా తిప్పి పంపుతుంది, అంటే మీటర్ చదివింది గోడని. మెరవకుండా, కిరణాలు బాగా వదిలే చిన్న ఎలక్ట్రికల్ టేప్ ముక్క అంటించి దానిమీద చూస్తే అసలు సంగతి తెలిసింది.

గది 25. మెరిసేది 62, నల్లది 46, తెల్లదీ 46! నమ్మలేక మూడుసార్లు చేశా, అదే వచ్చింది. 60 డిగ్రీల దగ్గర వస్తువు వదిలే కిరణాల తరంగదైర్ఘ్యం 9 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మీటరులో పది లక్షల వంతు) చుట్టూ ఉంటుంది, మన కంటికి కనిపించేది 0.4 నుంచి 0.7 వరకే, కాబట్టి కంటికి కనిపించే రంగుతో పని లేదు, అక్కడ తెల్ల పెయింట్ కూడా నలుపే. బాగా లాక్కునేదే బాగా వదులుతుంది కూడా, గది కంటే వేడిగా ఉంటే లాక్కునేదానికన్నా వదిలేదే ఎక్కువ. రెండిటి ఎమిసివిటీ (కిరణాలు వదిలే సత్తా, గరిష్ఠం 1) 0.9 దగ్గర, మెరిసే అల్యూమినియంది 0.05. స్టెఫాన్-బోల్ట్‌జ్‌మన్ లెక్క (ఉష్ణోగ్రతని బట్టి కిరణాలుగా ఎంత వేడి పోతుందో చెప్పే సూత్రం) వేస్తే 60 డిగ్రీల్లో పెయింట్ వేసింది ఈ గదిలోకి చదరపు మీటరుకి 225 వాట్ల దాకా వదులుతుంది, మెరిసేది 12. ఎండలో పెడితే మాత్రం కథ వేరే, నల్లదే ఎక్కువ కాలుతుంది.

ఆ ఉత్సాహంతో అసలు హీట్ సింక్‌కి నలుపు వేస్తే తగ్గింది 3 డిగ్రీలే. రెక్కలు ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి కదా, ఒకటి వదిలిన కిరణాన్ని పక్కది పట్టేసుకుంటుంది, బయటికి పోయేది పైపై అంచుల నుంచే, మిగతా వేడంతా గాలే మోసుకుపోవాలి. కారు రేడియేటర్ కూడా అంతే, పేరే రేడియేటర్, పని దాదాపు మొత్తం గాలిది.

అప్పుడు చూసుకున్నా, రెక్కలు అడ్డంగా ఉండేలా బిగించాను, వేడి గాలి పైకి లేవడానికి దారే లేదు. నిలువుగా తిప్పి బిగిస్తే ఇంకో 9 డిగ్రీలు దిగింది.