చెప్పులరిగే దేవుడు

అద్దాలు తుడిచే పని అంటే మా ఊళ్లో నవ్వుతరు. దుబాయిల అది క్రేడిల్ మీద నిలబడి చేసే పని. మేడ నెత్తి మీంచి ఇనుప తాళ్లకు వేలాడే తొట్టె అది. ఇద్దరం ఎక్కి బకెట్లు పెడితే మళ్ల కాలు కదిపే జాగ ఉండదు. గాలి లేస్తే తొట్టె పోయి అద్దానికి కొట్టుకుంటది. అప్పుడు అద్దంల కనపడేది నా మొఖమే. భయపడ్డ మొఖాన్ని అంత దగ్గర నుంచి చూసుకోవద్దు.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండల పని చేయించొద్దని ఇక్కడి సర్కారు రూలు. భయానికి అట్ల వేళలు లేవు. పడిపోతనన్న భయం పగటిపూటది. రాత్రి భయాలు వేరే: ఏజెంటుకు కట్టనీకి తెచ్చిన అప్పు, దాని మిత్తి, ఇంటి నుంచి వచ్చే ఫోను. ఇక్కడ పదయితే అక్కడ పదకొండున్నర. ఆ టైముకు మా అవ్వ ఫోన్ మోగితే ఎత్తేలోపే చేతులు సల్లబడేవి.

మాది పాలమూరు జిల్లా చిన్నచింతకుంట దిక్కు. దీపావళి పోయిందంటే గుట్ట మీది కురుమూర్తి స్వామి జాతర, మేం కురుమతి జాతర అంటం. అండ్ల నాకు యాదికుండేది ఉద్దాలు. చిన్న వడ్డెమాన్‌ల మాదిగలు నిష్ఠతోని కుట్టే స్వామి చెప్పులు. ఊరేగింపుగ గుట్టకు తెస్తుంటే నెత్తికి తాకించుకోనీకి జనం ఒకల మీద ఒకలు పడుతరు. కులం పేరు చెప్పి దూరం పెట్టినోళ్లు గూడ ఆ పొద్దు ఆ చెప్పుల కిందికే తల వంచుతరు. మిగిలిన ఏడాదంతా ఎందుకు వంచరో మరి.

ఒక ఏడు జాతర వీడియో పంపి అవ్వ ఫోన్ చేసింది. క్యాంపుల మంచం మీద పండుకొని, గుడికి దూరమైపోయిన్నని ఏడ్చిన. ఆమె కసిరింది.

“తిరగకపోతే ఆయనకు చెప్పులెందుకురా? ఏటా కొత్తయి ఎందుకు కుడుతరు? నీ దిక్కు గూడ వస్తడు, ఇగ పండుకో.”

ఆ మాట నాకు పట్టుకుంది. డ్యాములు, కాలువలు, బొంబాయి మేడలు. పని ఎక్కడుంటే అక్కడికి పోయిన పాలమూరోళ్ల దేవుడు గుళ్లెనే ఎట్ల కూసుంటడు? 2022ల జెబెల్ అలీల గురుద్వారా పక్కన కొత్త గుడి తెరిచిన్రు. సెలవు దొరికితే పోత, బాగుంటది. కాని నాకు స్వామి తోడున్నడని తెలిసింది గాలిల ఊగే తొట్టెల్నే. నా జోడీ పెషావర్ పఠాన్. బటన్ నొక్కే ముందు అతను బిస్మిల్లా అంటడు, నేను కురుమతి రాయా అంట. ఇద్దరం ఒకలనొకలం ఏం అడగం. గాలి ఎప్పటిలెక్కనే ఉంది, అప్పు గూడ ఇంకింత ఉంది. ఫోన్ మోగితే మాత్రం ఇప్పుడు చేతులు వణుకుతలేవు.

దేవుడున్నడని బెల్టు పెట్టుకోనోళ్లను చూస్తే నాకు కోపం. మొన్న వనపర్తి పిల్లగాడొకడు కొత్తగ చేరిండు. పైకెక్కినంక కిందికి చూసి అడిగిండు:

“అన్నా, నీకు భయమైతలేదా?”

“ఒక్కణ్నే ఉన్ననని అనిపిస్తలేదు తమ్మీ.”

“మరి నాకు?”

“ముందు హుక్కు చూపియ్.”

చూపించిండు. సరిగ పడలేదు. ఇప్పి మళ్ల పెట్టించి, గుంజి చూసి, బటన్ నొక్కిన.